మా అబ్బా గోళ్ల మైదాకు

మా అబ్బా గోళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. మైదాకు, అంటే గోరింటాకు, పెళ్లికో పండక్కో పెట్టుకునేది కాదు, వారం వారం పెట్టుకునేది. జనగామలో మా అబ్బాది, అంటే మా నాన్నది, గాజుల దుకాణం. చేతులు చాపి కూర్చున్న ఆడవాళ్లు ఆయన్ని ఆటపట్టించేవాళ్లు. "మా చేతులకన్న నీ చేతులే ముద్దుగున్నయ్ గదా భాయ్" అని ఒకామె అంటే ఇంకొకామె కిసుక్కున నవ్వేది. ఆయనా నవ్వుతూనే ఆమె అరచేతిని మెత్తగా నొక్కి, బొటనవేలు లోపలికి మడిచి, గాజు ఎక్కించేవాడు. ఆయన తొడిగితే గాజు పగలదని రఘునాథపల్లి దాకా పేరు. ఆ ఎరుపు ఎందుకో నాకు నలభై దాటాక, పోయిన చలికాలంలో తెలిసింది. అది తెలిసేలోపే నేనూ ఒక పాడుపని చేసి కూర్చున్నాను.

ఆ పని సంగతే ముందు చెప్తాను. పెళ్లయ్యాక నేను మహబూబాబాద్ వచ్చాను. బస్టాండు దగ్గర నేనూ ఒక చిన్న గాజుల దుకాణమే నడుపుతున్నాను. మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఊరి చివర గురుకులంలో సీటొస్తే అక్కడే ఉండి చదువుకుంటోంది. చలి ముదిరిన రోజుల్లో ఒక పొద్దున ఫోన్ వచ్చింది, పిల్ల ఒళ్లంతా ఏదో లేచింది, రమ్మని. పోయి చూస్తే వీపు, పొట్ట, చేతులు, ఎక్కడ చూసినా కందిగింజంత ఎర్రటి మచ్చలు. ఒక్కోదాని మీద తెల్లగా పొట్టు లేస్తోంది. రెండు మూడు వారాల కింద పిల్లకు గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. మందు సీసా తీసుకెళ్లి ఇచ్చింది నేనే. ఆ రెండింటినీ కలిపి చూసే బుద్ధి నాకు లేకపోయింది. నా బుద్ధి నేరుగా పక్క మంచం మీదికి పోయింది.

పక్క మంచం పిల్లది గూడూరు దగ్గర తండా. మా అమ్మాయికి ప్రాణ స్నేహితురాలు. సెలవుల్లో మా ఇంటికొచ్చి నా దుకాణంలో గాజులు రంగుల వారీగా సర్దిపెట్టిన పిల్ల. ఆ రోజు ఆమె మోచేతులు చలికి పగిలి బూడిద రాసినట్టున్నాయి. ఆ చలికి మా వైపు ఎవరి మోచేతులు పగలవు? నావి పగల్లేదా? అయినా నేను కళ్లు పెద్దవి చేసుకుని ఆమె చేతులకేసి చూశాను.

"ఎవరి దుప్పటి కప్పుకుంటున్నవే?" అని మా అమ్మాయిని అడిగాను.

"ఇద్దరం కలిసి కప్పుకుంటున్నం అమ్మీ. చలివెడ్తున్నది గదా."

నాకు ఆ మాట చాలు. నా నోటి సంగతి మా బజారంతా ఎరుగును. వరండాలో నిలబడి, పిల్లలందరూ వింటుండగా, వార్డెన్ మేడం మీద పడ్డాను.

"గీ పిల్లకున్నదే నా బిడ్డకంటింది మేడం. గీమెను గిక్కడ్నే ఉంచుతరా? అందరి తల్లిదండ్రులకు నన్నే ఫోన్ జెయ్యమంటరా?"

ఆ పిల్ల అక్కడే స్తంభం పక్కన ఉంది. చున్నీ ముందుకు లాక్కుని మోచేతులు కప్పుకుంది. వార్డెన్ మేడం భయపడిపోయింది. డాక్టరు చీటీ తెచ్చుకున్నాకే మళ్లీ రావాలని చెప్పి, మర్నాడే ఆ పిల్లను వాళ్ల నాన్నతో ఇంటికి పంపించేసింది. నేను మా అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చేశాను. పిల్లను పంపించేశామని ఫోన్ వస్తే, నా మాట చెల్లిందని గర్వపడ్డాను కూడా. ఇప్పుడది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆ తర్వాత రోజు మహబూబాబాద్‌లోనే చర్మం డాక్టరు దగ్గరికి పోయాం. చిన్న వయసు మనిషి, ఓపిక ఉన్న మనిషి. పిల్ల వీపు చూసి ఆమె అడిగిన మొదటి మాట, "ఈ మధ్య గొంతు నొప్పి వచ్చిందా?" అని.

"వచ్చింది మేడం, గది తగ్గింది. ఇది పక్క పిల్లది అంటింది. ఒక్క దుప్పటి కప్పుకున్నరు."

"దుప్పటితో అంటేది కాదమ్మా ఇది. సోరియాసిస్ అంటారు. అందులో చినుకులు పడ్డట్టు చిన్నచిన్నగా లేచే రకం. పిల్లలకు గొంతు నొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు ఇట్లా లేస్తుంది. ఎవరి నుంచీ ఎవరికీ అంటదు."

నేను ఊరుకునే మనిషినా? అంటకపోతే ఎట్లా వచ్చిందని గట్టిగానే అడిగాను. గొంతు నొప్పి అందరు పిల్లలకూ వస్తుంది, అందరికీ ఇట్లా లేవదు కదా అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది.

"అదే అసలు సంగతి. మన ఒంట్లో కాపలా కణాలుంటాయి. లోపలికి వచ్చింది క్రిమా, మన సొంతదేనా అని అవి తేల్చుకోవాలి. ఆ ముక్కను పట్టి వాటికి చూపించే పని కొన్ని జన్యువులది. అవి మనిషి మనిషికీ వేరుగా ఉంటాయి. కొందరిలో ఉండే రకం, గొంతులో క్రిమిని చూపించినప్పుడు దాని పోలికే ఉన్న చర్మం ముక్కనూ శత్రువు లెక్క చూపిస్తుందని అనుకుంటున్నాం. అప్పుడు కాపలా కణాలు గొంతు దగ్గర ఆగవు. వచ్చి చర్మం మీద పడతాయి. నెల రోజుల్లో ఊడాల్సిన చర్మం వారంలోపే కొత్తది పుట్టి ఊడుతుంది. ఈ పొట్టు అదే."

"అంటె పుట్టుకతోటే ఉన్నదా మేడం?"

"ముప్పు పుట్టుకతో ఉంటుంది. జబ్బు రావాలని లేదు. ఆ రకం జన్యువు ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పటికీ రాదు. ఇది ఒక్క జన్యువు పని కూడా కాదు, ఇంకా చాలా కలవాలి. పైనుంచి ఏదో ఒకటి దాన్ని రేపాలి. గొంతు నొప్పి కావచ్చు, మనసులో బాధ కావచ్చు. కొందరికి చర్మం ఎక్కడ గీరుకుంటే అక్కడే లేస్తుంది."

గీరుకున్న చోట అనగానే నాకు ఒక జత చేతులు గుర్తొచ్చాయి. గాజు పెంకులు గీరిన ప్రతి గీత మీదా తెల్లగా పొట్టు లేచిన చేతులు. అవి మా ఫుప్పువి, అంటే మా అబ్బా చెల్లెలివి.

డాక్టరు నన్ను అటు తిరగమని, చెవి వెనక జుట్టు పాయలు తీసి చూసింది. అక్కడ చుండ్రు అనుకుని నేను ఏళ్ల తరబడి నిమ్మకాయ రుద్దుకుంటున్నాను. చుండ్రు కాదంది. "మీ అమ్మకో నాన్నకో ఉందా? పైకి కనబడకపోవచ్చు. కొందరికి తలలోనే ఉంటుంది, కొందరికి గోళ్లలో. దర్జీలు వేలికి పెట్టుకునే అంగుస్తానా మీద సన్న గుంటలుంటాయి చూడండి, గోరు మీద అట్లా పడతాయి."

"మా అబ్బా గోర్లకు మైదాకు వెట్టుకుంటడు మేడం" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. డాక్టరు అర్థం కాక నవ్వింది. ఆటోలో ఇంటికి పోతుంటే, దారి సగంలో, ఆ ఎరుపు దేన్ని కప్పుతోందో నాకు అర్థమైంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఇంట్లో అబ్బా, అమ్మీ, అబ్బాను కన్న దాదీ, ఫుప్పు, నేను, ఇంకా నడక రాని తమ్ముడు. మేం ఇంట్లో మాట్లాడేది సగం ఉర్దూ, సగం తెలుగు. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను. అబ్బా గాజుల మలారం, అంటే దండలుగా గుచ్చిన గాజుల మూట, భుజాన వేసుకుని సైకిల్ మీద ఊళ్లకు పోయేవాడు. సంత రోజు మాత్రం దుకాణంలో ఉండేవాడు. ఫుప్పు ఇళ్ల లోపలికి పోయి పెళ్లికూతుళ్లకు, నెలలు నిండుతున్న వాళ్లకు తొడిగేది. తొడిగించుకున్నవాళ్లు గాజుల చేతులు కళ్లకద్దుకుని, తొడిగిన మనిషికి దండం పెట్టేవాళ్లు. మేం ముస్లింలమని ఆ దండం దగ్గర ఎవరూ ఆగలేదు. పరాయి మనిషి చేతిలో చెయ్యి పెట్టడానికి నమ్మకం ఉండాలి. మేం ఆ నమ్మకం మీదే తింటున్నాం.

ఫుప్పుకు ఇరవై దాటాక చేతుల మీద పొట్టు మొదలైంది. గాజు పెంకుల వల్లే అనుకున్నాం. పొడుగు చేతుల కుర్తా వేసుకుని, పొద్దున్నా సాయంత్రం కొబ్బరినూనె రాసుకుని నెట్టుకొచ్చింది. గురువారం సాయంత్రం తనే మైదాకు నూరి అబ్బా గోళ్లకు పెట్టేది. ఒక్కో గోరు మీద అంచు దాటకుండా, పొందిగ్గా పెట్టేది. నేను పక్కన కూర్చుని నాకూ పెట్టమని ఏడిచేదాన్ని. ఆకు చాలదని చెప్పి పంపించేది.

ఆ ఏడు చలికాలంలో నా గొంతు వాచింది. నాలుగు రోజులు మింగుడు పడలేదు. ఫుప్పు నన్ను తన పక్కలోనే పడుకోబెట్టుకుంది. ఉప్పు వేయించి గుడ్డలో కట్టి మెడకు కాపడం పెట్టింది, తన వేళ్లతో నూనె రాసింది. గొంతు తగ్గింది. తగ్గిన కొన్నాళ్లకు ఒళ్లంతా లేచింది, అచ్చం ఇప్పుడు నా బిడ్డకు లేచినట్టే.

సంత రోజు నేను దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. అబ్బా ఒకామెకు గాజులు తొడుగుతున్నాడు. ఆరో గాజు అరచేతి మీద ఉండగా ఆమె నన్ను చూసింది. తర్వాత లోపల నిలబడ్డ ఫుప్పు చేతుల్ని చూసింది. "మల్ల తొడిగిచ్చుకుంట తియ్ భాయ్" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. సగం ఎక్కిన గాజు విరిగి కింద పడింది. ఆమెతో వచ్చిన ఇద్దరూ లేచిపోయారు. అబ్బా చేతిలో గాజు పగలగా చూడడం నాకు అదే మొదలు.

ఆ మధ్యాహ్నం ఆయన దుకాణం మూసి నన్ను నడిమింట్లో కూర్చోబెట్టాడు. దాదీ ఉంది, అమ్మీ ఉంది, మా వాళ్లలో పెద్దమనుషులు ఇద్దరు వచ్చి ఉన్నారు. ఫుప్పు వంటింటి గడపలో నిలబడి ఉంది.

"ఫుప్పు నీకు ఏమన్న రాసిందా బేటీ? జెప్పు, ఎవ్వలేమనరు" అన్నాడు అబ్బా.

రాసింది నూనె. గొంతు నొప్పికి రాసింది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ అంతకు వారం ముందు డజను గాజులు పగలగొట్టానని ఆమె నా వీపు మీద ఒకటిచ్చింది. ఆ కోపం కడుపులో ఉంది. పైగా పెద్దవాళ్లంతా నా మాట కోసం చూడడం నాకు ఎంతో గొప్పగా ఉంది.

"రాసింది" అన్నాను. "దినాం రాస్తది. ఆమె చేతులకున్నదే నాకు రాసింది."

ఫుప్పు నోరు తెరిచి అబ్బా వైపు చూసింది. అబ్బా తల వంచుకుని తన గోళ్లు చూసుకుంటున్నాడు. ఆమె నోరు మూసుకుంది. తప్పు ఒప్పుకుంది కాబోలు అనుకున్నాను నేను.

మర్నాడు పొద్దున్నే ఆమెను రేకు పెట్టెతో ఎర్రబస్సు ఎక్కించారు. చిట్యాలలో దాదీ వైపు దూరపు చుట్టం ఒకామె ఒంటరిగా ఉండేది, ఆమె ఇంటికి. రెండు నెలల్లో నా మచ్చలు ఒక్కటీ లేకుండా పోయాయి. ఇంకేం కావాలి? మనిషి పోయింది, రోగం పోయింది అన్నారంతా. దాదీ దర్గాలో మొక్కు తీర్చింది. ఈ రకం మచ్చలు చాలామంది పిల్లల్లో వాటంతట అవే పోతాయని మహబూబాబాద్ డాక్టరు చెప్పేదాకా నేనూ ఆ మాటే నమ్ముకుని బతికాను. ఆడవాళ్లు మళ్లీ వచ్చి అబ్బాకు చేతులు చాపారు. నా పెళ్లికి ఫుప్పును పిలవలేదు. దాదీ పోయినప్పుడు వచ్చి వాకిట్లోనే నిలబడి వెళ్లిపోయింది. ఆమె చిట్యాల పోయినప్పటి నుంచి అబ్బా తన గోళ్లకు తనే మైదాకు పెట్టుకునేవాడు. కుడిచేతి వేళ్లకు అది వంకరగా, చర్మం మీదికి పాకి ఉండేది.

డాక్టరు దగ్గరికి పోయొచ్చిన మూడో రోజు బిడ్డను వెంటబెట్టుకుని జనగామ పోయాను. గాజులు తొడగడం ఇప్పుడు తమ్ముడి పని. బోణీ మాత్రం అబ్బాదే, అందుకని పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. తమ్ముడు అన్నానికి లోపలికి పోయాక, "అబ్బా, చేతులు సూపియ్యి" అన్నాను. చాపాడు. సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. గోరు మొదట్లో, మైదాకు ఇంకా అందని చోట, సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు. ఒక్క గోరుకు కాదు, అన్నిటికీ.

"టోపీ తియ్యి" అన్నాను.

తీయలేదు. "తెల్సుకొనే వచ్చినవ్ గదా. ఇంక తీసుడెందుకు?" అన్నాడు.

డాక్టరు చెప్పిందంతా చెప్పాను. అంటదని, పుట్టుకతోనే ఆ ముప్పు ఉంటుందని, నీ నుంచి నాకు, నా నుంచి నా బిడ్డకు దిగి ఉంటుందని. ఆయన గాజుల పెట్టెలు సర్దుకుంటూ కూర్చునేసరికి నాకు ఒళ్లు మండింది.

"నీకున్నదని తెల్సి గూడ ఆమెను ఎల్లగొట్టినవ్. అదీ నాతోటి చెప్పిచ్చినవ్!"

"నాకు మీ ఫుప్పుకన్న ముందటి సంది తలల ఉండె" అన్నాడు అబ్బా. "గీ చెయ్యి ఎవ్వలు వట్టకపోతె మీరేం తిందురు? ఇంట్ల ఒక్కరి చెయ్యి పోవాలె. నాది పోవాల్నా, దానిదా?"

"గందుకని ఆమె..."

"జర ఆగు. అది నీకు అంటిచ్చిందని నేను ఒక్కనాడు అనుకోలె. నేనే అంటిచ్చిన అనుకున్న. దినాం నిన్ను సైకిల్ మీద ముందట కూసోవెట్టుకొని తిప్పుదు గదా. నా తల నీ తలకు తాకుతుండె."

ఆ చలికాలం తర్వాత అబ్బా నన్ను సైకిల్ ఎక్కించుకోలేదు. తల నిమరలేదు. నా నిఖా రోజు దువా చదివి దీవిస్తూ కూడా నా తలకు జానెడు పైన గాలిలోనే చెయ్యి ఆపాడు. నా ఒంటి మచ్చలు చూశాక నేనంటే ఆయనకు రోత పుట్టిందని ఇన్నేళ్లూ అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద జాలేసింది. జాలి పడుతున్నందుకు నా మీద కోపమొచ్చింది. అంటదన్న సంగతి ఆయనకు తెలియదు, సరే. కానీ అంటించింది తనే అనుకుంటూ చెల్లెల్ని బస్సెక్కించాడు. అది తెలిసే చేశాడు.

"చిట్యాల పోదాం, లే" అన్నాను.

"ఏ మొఖం వెట్టుకొని వస్త?" అన్నాడు. లేచి వెనక అరలోంచి డజను ఆకుపచ్చ గాజులు తీసి కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "దాని చేతి సైజు నాకు యాదున్నది. ఇయ్యి."

మర్నాడు నేనూ నా బిడ్డా చిట్యాలలో దిగి అడిగితే, బొంతలు కుట్టే అవ్వ ఇల్లు అదిగో అని చూపించారు. పాత చీరలు మడతలు పెట్టి బొంతలు కుట్టి బతుకుతోంది మా ఫుప్పు. అరుగు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంటోంది. వేళ్ల కణుపులు ఉబ్బి, వేళ్లు పక్కకు వంగిపోయి ఉన్నాయి. ఈ జబ్బు కొందరికి కీళ్లలోకి కూడా దిగుతుందని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది. నన్ను పోల్చుకోవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. నా బిడ్డ మెడ మీద మచ్చలు చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"జర దూరం కూసో బిడ్డా" అంది.

"అంటది ఫుప్పు. అంటది గాదు, అంటదు! డాక్టరమ్మ చెప్పింది" అన్నాను తడబడుతూ. చెప్పాల్సినవన్నీ చెప్పాను. జన్యువులు, గొంతు నొప్పి, అబ్బా గోళ్లు అన్నీ. చివరికి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, "నేను అబద్ధమాడిన ఫుప్పు. నువ్వు రాసింది నూనెనే" అన్నాను.

"తెల్సు. నేను గడపల్నే ఉంటి గదా" అంది.

"అబ్బాకున్నదని అప్పుడే ఎందుకు జెప్పలె?"

"మైదాకు వెట్టింది నేను. నాకు తెల్వకుంటెట్ల? నేను జెప్తె దుకాణం మూతవడుతుండె. మీ అబ్బానే జెప్తడేమో అని సూసిన. బస్సు కదిలెదాంక సూసిన."

కాగితం విప్పి గాజులు ఇచ్చాను. ఎవరు పంపారో అడగలేదు. ఒకటి తీసుకుని, మాకు నేర్పినట్టే బొటనవేలు లోపలికి మడవబోయింది. వేలు మడత పడలేదు. రెండుసార్లు నొక్కి చూసుకుని గాజు తీసి కాగితంలో పెట్టేసింది. "మీ అబ్బాకు యాదున్న చెయ్యి ఇప్పుడు లేదని జెప్పు" అంది.

మా ఇంటికి రమ్మన్నాను. మంచి డాక్టరు ఉంది, మందులున్నాయి, నా దగ్గరే ఉందువు అన్నాను. ఆమె నా మాట పట్టించుకోకుండా నా బిడ్డ వైపు తిరిగింది.

"నీకు లేసినప్పుడు మీ అమ్మ ఎవర్నన్నదే?"

నా బిడ్డ నా మొహం చూసింది. నేను తల తిప్పుకున్నాను.

"నా దోస్తును. బడిలకెల్లి ఇంటికి పంపిచ్చింది" అంది.

ఫుప్పు సూది పక్కన పెట్టింది. "డాక్టరు కాడికి పోయి ఎన్నొద్దులైంది?" అని నన్ను అడిగింది.

"నాలుగొద్దులు."

"నాలుగొద్దుల సంది ఏం జేస్తున్నవ్? మీ అబ్బా గోర్లు సూస్తున్నవా?"

వార్డెన్‌కు ఒక్క ఫోన్ చేస్తే అయిపోయే పని. ఆ ఫోన్ చేయకుండా జనగామ పోయి మా అబ్బా మీద అరిచాను.

"నేను ముప్పై ఏండ్ల సంది గిక్కడ్నే ఉన్న. ఇంక జరన్ని రోజులు ఉంట. ముందుగాల గా పిల్ల కాడికి పో. నీ దుకాణంల చిన్న గాజులు లేవా? తీస్కపో. నీ చేతులతోటే తొడుగు. ఆమె తొడిగిచ్చుకుంటె గప్పుడు నా ఇంటికి రా" అంది.

బస్సులోంచే వార్డెన్‌కు ఫోన్ చేశాను. ఆ పిల్లను రమ్మంటానంది. మర్నాడు చిన్న సైజు గాజులు తీసుకుని, నా బిడ్డతో గూడూరు వైపు తండాకు పోయాను. వాళ్లు వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తున్నారు. ఆ పిల్ల తల్లి నన్ను చూసి లేవలేదు.

"డాక్టరుకు సూపెట్టినం. చలికి వగిలిందన్నడు, మలాం రాస్తె తగ్గింది. చీటీ గూడ ఇచ్చిండు. పొమ్మంటె గదే పోనంటున్నది" అంది.

చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు వచ్చి నిలబడ్డారు. వరండాలో ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగా చెప్పాను, తప్పు నాదని, నా బిడ్డకు వచ్చింది నా ఒంట్లోంచి వచ్చిందని, ఈ పిల్లకు ఏ రోగమూ లేదని. తల్లి వాళ్ల భాషలో కూతురుతో ఏదో అంది. పిల్ల తల అడ్డంగా ఊపింది. నేను నేల మీద కూర్చుని, గాజులు ఒళ్లో పెట్టుకుని, "చెయ్యి ఇటియ్యి బిడ్డా" అన్నాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

నా బిడ్డ ఉండబట్టలేక పోయి ఆమెను ఆనుకుని కూర్చుంది. ఆ పిల్ల గబుక్కున పక్కకు జరిగింది. కప్పుకున్న శాలువా కూడా నా బిడ్డకు తగలకుండా దగ్గరికి లాక్కుంది.

"దూరం కూసో. నాతోటి నీకు మల్ల లేస్తయ్" అంది.

అంటదని నేను ఎన్నిసార్లు చెప్పినా వింది, తల ఊపింది, దగ్గరికి మాత్రం రాలేదు. బస్సు వేళ అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. గాజులు నా ఒళ్లోనే ఉండిపోయాయి.